బల్ల మీది బిళ్లకు జవాబు చెప్పడం నేర్పుతూ

మొదటి బిళ్ల పనిచేసిన రాత్రి, బిళ్ల కంటే ముందు బల్ల మోగింది. బిళ్ల అంటే బల్ల మీద చేత్తో జరిపే గుండ్రటి చిన్న డబ్బా. దాని లోపలి మోటారు తిరగాలని కంప్యూటర్ నుంచి ఆజ్ఞ పంపాను. అగ్గిపెట్టెలో చిక్కిన తుమ్మెదలా గుయ్‌మంటూ అక్రిలిక్ పలక మొత్తం అదిరింది. అవతలి అంచున ఇంకో బిళ్ల పట్టుకుని నిలబడ్డ నా సహచరుడు ఉలిక్కిపడ్డాడు. "నాది కూడా కంపిస్తోందే! దీంట్లో మోటారు ఎప్పుడు పెట్టావు?" అన్నాడు. పెట్టలేదు. అది ఉత్త ప్లాస్టిక్ డబ్బా. నా చేతిలోని బిళ్ల చెప్పిన మాటను బల్ల అతని చేతికి మోసుకెళ్లింది. ఆ తర్వాతి ఎనిమిది నెలల్లో సగానికి సగం ఈ మాట ఎవరికి చేరాలో వారికే చేరేలా చూడటంతోనే గడిచిపోయింది.

ముందు బల్ల సంగతి చెప్పాలి. చెక్క పెట్టె మీద అక్రిలిక్ పలక, దాని మీద కాంతిని పరిచే పల్చని పొర. పెట్టె లోపల ఒక ప్రొజెక్టర్, 850 నానోమీటర్ల పరారుణ కాంతినిచ్చే ఎల్‌ఈడీల వరుసలు, ఒక కెమెరా. ప్రొజెక్టర్ కింది నుంచి పలక మీద బొమ్మ వేస్తుంది. కెమెరా ముందు మామూలు వెలుగును ఆపేసే ఫిల్టరు ఉంటుంది కాబట్టి ఆ బొమ్మ దానికి కనబడదు. పరారుణ కాంతిలో తెలిసేదే కనబడుతుంది. ప్రతి బిళ్ల అడుగునా నలుపు తెలుపుల గుర్తు ఒకటి అంటిస్తాం. ఏ బిళ్ల ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది అన్నది కెమెరా దాన్నిబట్టి పసిగడుతుంది.

గుర్తులను చదివే ప్రోగ్రాం మేం రాయలేదు. రియాక్టివిజన్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో 2003లో మొదలైన రియాక్టబుల్ అనే సంగీత బల్ల కోసం పుట్టింది. బిళ్లలను దగ్గరకు జరిపితే, దూరం చేస్తే, తిప్పితే స్వరాలు మారే ఆ బల్లను గాయని బ్యోర్క్ 2007 నాటి తన పర్యటనలో వేదిక మీదకు తీసుకెళ్లారు. ఆ సాఫ్ట్‌వేర్ గుర్తులు చూడటానికి అమీబాల్లా ఉంటాయి. వాటి రూపురేఖలను అది కొలవదు. ఏ నల్ల మచ్చలో ఎన్ని తెల్ల మచ్చలున్నాయి, ఆ తెల్ల మచ్చల్లో మళ్లీ ఎన్ని నల్ల మచ్చలున్నాయి అని లెక్కపెడుతుంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన ఈ లెక్క కాగితం కాస్త సాగినా మారదు. ఈ ఆలోచన చదివిన రోజు పని పక్కన పెట్టి సాయంత్రం దాకా కాగితాల మీద అమీబాలే గీస్తూ కూర్చున్నాను. చేయాల్సిన పని మాత్రం అంగుళం కదల్లేదు.

మా అప్లికేషన్ ఒక ఊహా నగరపు పటం. దాని మీద ఐదు బిళ్లలు, ఒక్కోటీ ఒక అంబులెన్స్ కేంద్రం. ఇద్దరు ముగ్గురు బల్ల చుట్టూ నిలబడి కేంద్రాలను అటూ ఇటూ జరుపుతూ, ఊరంతటికీ వేగంగా సహాయం అందేలా అమర్చాలి. నదిలో కేంద్రం పెట్టకూడదు. రెండు కేంద్రాలు మరీ దగ్గరగా ఉంటే వృథా. ఒక కేంద్రం మీద భారం ఎక్కువైతే అది తెలియాలి. ఇలాంటి పని వేలితో గాజు తెర మీద కూడా చేయవచ్చు. కానీ గాజుకు అంచు తెలియదు, బరువు తెలియదు; దాని మీద ఏది ముట్టుకున్నా ఒకటే నునుపు. బిళ్ల అయితే చూడకుండానే చేతికి దొరుకుతుంది. ఎంఐటీలో హిరోషి ఇషీ, బ్రిగ్ ఉల్మర్ 1997లో డిజిటల్ సమాచారాన్ని చేత్తో పట్టుకునే వస్తువుల్లోకి తేవాలని ప్రతిపాదించినప్పటి నుంచి ఈ రంగంలో అందరూ చెప్పే మాటే ఇది. నేనూ నివేదిక పరిచయంలో అదే రాశాను.

తీరా చేసి చూస్తే మా బిళ్ల మూగది. బల్లకు బిళ్ల సంగతి తెలుస్తుంది, బిళ్లకు బల్ల సంగతి తెలియదు. కేంద్రాన్ని నదిలో పెడితే పటం మీద ఎర్రటి వలయం వెలుగుతుంది గాని, ఆ వలయాన్ని బిళ్లా, దాన్ని పట్టుకున్న చెయ్యీ కలిసి కప్పేస్తాయి. అన్నిటికన్నా ముందు చూడాల్సినవాడికే అది కనబడదు. అందుకే బిళ్ల లోపలే వెలుగు, చప్పుడు, కంపనం పెడదామనుకున్నాం. వీలైతే వేడి కూడా. ఎన్ని ఇంద్రియాలు చేరిస్తే అంత మంచిదని అప్పట్లో గట్టిగా నమ్మాను. మా గైడు గారు ప్రతిపాదన చదివి, "వాసన ఒక్కటే వదిలేశారు, ఎందుకు?" అన్నారు. మెచ్చుకుంటున్నారనుకుని, అది రెండో దశలో చేద్దామని జవాబిచ్చాను.

బిళ్ల వ్యాసం 7 సెంటీమీటర్లు. త్రీడీ ప్రింటర్‌లో తీసిన డబ్బా, లోపల బ్లూటూత్ ఉన్న చిన్న బోర్డు, బ్యాటరీ, ఎల్‌ఈడీల వలయం, గోరంత స్పీకరు, కంపనానికి మోటారు. మొదట వాడింది నాణెం ఆకారపు మోటారే. పాత ఫోన్లలో ఉండే రకం. ఇరుసుకు ఒక పక్కగా బరువు తగిలించి తిప్పుతారు. అది వేగం అందుకోవడానికి సమయం తీసుకుంటుంది, ఆగడానికి ఇంకాస్త తీసుకుంటుంది. 'టక్' అనాల్సిన చోట 'జ్జ్‌జ్' అని సాగుతుంది. అంచు తగిలినట్టు చేతికి తెలియాలంటే ఆ సాగదీత పనికిరాదు. తర్వాత ముందుకూ వెనక్కూ ఊగే రకం మోటారుకు మారాం. దానికి తనదైన పౌనఃపున్యం ఒకటుంటుంది, అక్కడ తోస్తేనే గట్టిగా ఊగుతుంది. మాది 175 హెర్ట్జ్ దగ్గర ఊగేది. చర్మం అడుగున కంపనాన్ని పట్టే పాసినియన్ కణికలకు 250 హెర్ట్జ్ చుట్టుపక్కల సూక్ష్మగ్రాహ్యత ఎక్కువ. కొంచెం తక్కువలో ఉన్నా మా మోటారు వేళ్లకు స్పష్టంగానే తెలిసింది. దాన్ని నడిపేందుకు డీఆర్‌వీ2605 అనే చిప్ వాడాం. అందులో తట్టు, రెండు తట్లు, పెరిగే గరగర అంటూ 123 రకాల కంపనాలు ముందే నింపి ఉంటాయి. మూడు రోజులు వాటన్నిటినీ చేతిలో పెట్టుకుని చూశాను. చివరికి మేం వాడింది రెండే.

ఇక బల్ల మోగడం. అందరూ చెప్పే ఉపాయమే మేమూ చేశాం: బిళ్ల కింద మెత్తటి గుడ్డ అంటించాం. మోత తగ్గింది. వెంటనే కెమెరాకు గుర్తులు కనబడటం మానేశాయి. కారణం తెలుసుకోవడానికి అర పూట పట్టింది. గుర్తు పలకను ఆనుకుని ఉన్నంత సేపే కింది నుంచి స్పష్టంగా ఉంటుంది. కాంతిని పరిచే పొర నుంచి రెండు మిల్లీమీటర్లు పైకి లేచినా అమీబా లోపలి చిన్న మచ్చలు మసకబారి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బిళ్లకు గుడ్డ కావాలి, గుర్తుకు పలక కావాలి. గుడ్డను ఉంగరంలా కత్తిరించి గుర్తు చుట్టూ అంటిద్దామన్నాడు సహచరుడు. ఉంగరం మీద నిలిచిన బిళ్ల మధ్యలో గుర్తు గాలిలోనే ఉంటుంది కదా! ఆ సంగతి ఇద్దరికీ ఉంగరం కత్తిరించాకే తట్టింది.

తుదకు బిళ్లను రెండు ముక్కలు చేశాం. గుర్తు అంటించిన అడుగు పళ్లెం పలకను ఆనుకుని ఉంటుంది. మోటారు, వేళ్లు పట్టుకునే టోపీ పైన ఉంటాయి. రెంటినీ కలిపేది సిలికాన్ ఉంగరం. టోపీ వణుకుతుంది, పళ్లెం దాదాపు కదలదు. మోటారును పడుకోబెట్టకుండా టోపీ గోడకు నిలువుగా అతికించాం. పడుకోబెట్టినప్పుడు అది కిందికీ పైకీ ఊగుతూ బల్లను గుద్దేది. నిలబెట్టాక పక్కలకు ఊగి వేళ్లకు తగులుతుంది. ఉంగరం మరీ మెత్తనైతే బిళ్ల చేతిలో జెల్లీలా ఊగి, పటం మీద సరిగ్గా ఒక చోట పెట్టడం కష్టమయ్యేది. మరీ గట్టిదైతే మోత మళ్లీ మొదలు. నాలుగు ఉంగరాలు పోయాక ఐదోది కుదిరింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు గర్వంగా అనిపించే వస్తువు ఆ ఉంగరమే. నివేదికలో దానికి దక్కింది ఒక్క వాక్యం.

రెండో తలనొప్పి జాప్యం. బిళ్ల నది గట్టు దాటగానే కంపించాలి. కాని గట్టు దాటాక ఎక్కడో నది మధ్యలో కంపించేది. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీసి, గట్టు దాటిన ఫ్రేము నుంచి టోపీకి ఆనించిన సన్నటి కాగితపు కొస వణికిన ఫ్రేము దాకా లెక్కపెట్టాను. ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీసెకన్లు. 37 ఫ్రేములు వచ్చాయి. అంటే సుమారు 150 మిల్లీసెకన్లు. చెయ్యి సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంటే ఆ లోపు బిళ్ల నాలుగున్నర సెంటీమీటర్లు ముందుకు పోతుంది. చేతికి అంచు తెలియడం మాట అటుంచి, నదిలో మునిగాక కేకేసినట్టుంది వ్యవహారం.

ఆ 150 ఒకే చోట లేదు, దారి పొడవునా చిల్లరగా ఖర్చవుతోంది. కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీసేది కాబట్టి ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. 60కి మారిస్తే అది సగమైంది. బ్లూటూత్‌లో రెండు పరికరాలూ పలకరించుకునే వ్యవధిని మేం వాడిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ బ్యాటరీ ఆదా కోసం పెద్దగా పెట్టుకుంది; దాన్ని అప్పటి ప్రమాణం అనుమతించిన కనిష్ఠం 7.5 మిల్లీసెకన్లకు దించాం. మోటారు ఊపందుకునే మొదటి క్షణాల్లో ఎక్కువ బలంతో తోయించాం. ఇంత చేసినా 70 దగ్గర ఆగిపోయింది. మిగిలినదాన్ని మోసం చేసి పూడ్చాం. బిళ్ల వేగం, దిశ చూసి, ఇంకాసేపట్లో గట్టు తగులుతుందనిపిస్తే ముందే ఆజ్ఞ పంపేయడమే ఆ మోసం. ఆ రోజు మొదటిసారి గట్టు నిజంగా చేతికి తగిలింది. ఎవరైనా సరిగ్గా గట్టు ముందు ఆగిపోతే మాత్రం లేని గోడ తగిలేది. ఈ తప్పును ఎవరూ పట్టుకోలేదు. గట్టు దగ్గరే ఆగారు కాబట్టి అది సరైనదే అనుకున్నారు.

ఇంకో చిలిపి దోషం కూడా ఉండేది. బిళ్లను గబుక్కున జరిపితే కెమెరాలో గుర్తు చెరిగిపోయి, బల్ల దృష్టిలో ఆ బిళ్ల మాయమవుతుంది. చెయ్యి ఆగగానే మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కొత్త బిళ్ల వచ్చిందనుకుని బల్ల దానికి స్వాగతపు కంపనం ఇచ్చేది. జోరుగా పనిచేసేవాళ్ల చేతిలో బిళ్ల నమస్కారాలతోనే సరిపెట్టింది. మాయమైన బిళ్ల కోసం సెకనులో ఆరో వంతు ఆగి చూడాలని రాశాక అది పోయింది. ఎండను మాత్రం ఏం చేయలేకపోయాం. ఒక మధ్యాహ్నం కిటికీ తెర జరగగానే సూర్యకాంతిలోని పరారుణం కెమెరాను ముంచెత్తింది. ఐదు బిళ్లలూ ఒకేసారి వీడ్కోలు చప్పుడు చేసి ఆరిపోయాయి. అప్పటి నుంచి పరీక్షలన్నీ తెరలు దించుకునే చేశాం.

వేడి గురించి ఎక్కువ చెప్పను. కేంద్రం మీద భారం పెరిగేకొద్దీ బిళ్ల వెచ్చబడితే బాగుంటుందని, విద్యుత్తుతో వేడెక్కే పెల్టియర్ పలక పెట్టాం. వెచ్చబడటానికి కొన్ని సెకన్లు, చల్లారడానికి అంతకు రెట్టింపు. భారం తగ్గి ఊరు ఊపిరి పీల్చుకున్నాక కూడా బిళ్ల పాత కబురే చెబుతూ వెచ్చగా ఉండేది. పైగా బ్యాటరీని గటగట తాగేసింది. రెండు వారాల్లో తీసేశాం.

చప్పుడు పోయిన తీరు వేరు. అది పనిచేయక పోలేదు, బాగా పనిచేసి పోయింది. నదిలో కేంద్రం పెడితే బిళ్ల చిన్నగా 'టుంగ్' అనేది. మొదటి పరీక్షలో ముగ్గురు కూర్చున్నారు. ఒకతను రెండుసార్లు నదిలో పెట్టాడు. రెండుసార్లూ మిగతా ఇద్దరూ తలెత్తి చూశారు. మూడోసారి అతను బిళ్లను జరపడానికే వెనకాడి, "ఇది మీరు పెట్టండి" అని పక్కవారికి తోసేశాడు. కేవలం అతని చేతికి తెలియాల్సిన విషయాన్ని మా బిళ్ల నలుగురిలో చాటింపు వేసింది. అదే తప్పుకు కంపనం వచ్చినప్పుడు ఎవరూ తలెత్తలేదు. చెయ్యి కాస్త వెనక్కి తగ్గింది, మాట సాగింది. ఆ సాయంత్రమే తప్పులన్నిటికీ చప్పుడు తీసేశాను. ఊరంతా సహాయం అందే పరిధిలోకి వచ్చినప్పుడు మోగే ఒక్క స్వరాన్ని ఉంచాను. దానికి తలెత్తి చూస్తే అందరూ ఒకరినొకరు చూసి నవ్వుకునేవారు.

అన్నిటికన్నా పెద్ద మార్పు అరచేయంత రాగిరేకుతో వచ్చింది. కంపనానికి చెయ్యి కావాలి. చెయ్యి తీసేసిన బిళ్ల కంపిస్తే ఆ కబురు ఎవరికీ అందదు, బల్ల మీద బరబరమంటుంది. వెలుగు సంగతి దీనికి తలకిందులు: బిళ్ల చేతిలో ఉన్నంత సేపూ వలయాన్ని వేళ్లు కప్పేస్తాయి, వదిలేశాకే అది కనబడుతుంది. ఇది ఏదో ఒకనాడు కూర్చుని ఆలోచిస్తే తట్టింది కాదు. వీడియోల్లో చేతులనే చూస్తూ చూస్తూ తెలిసింది. టోపీ లోపల రాగిరేకు అతికించి, వేలు తగిలితే దాని విద్యుత్ ధారిత (కెపాసిటెన్స్) మారడాన్ని బోర్డు గమనించేలా చేశాం. ఇప్పుడు బిళ్లకు తాను చేతిలో ఉందో లేదో తెలుసు. చేతిలో ఉంటే కంపనమే, వెలుగు లేదు. వదిలేస్తే వెలుగే, కంపనం లేదు. కోడ్‌లో ఈ మార్పు పది వరుసలు కూడా లేదు. బల్ల మోత దీంతో పూర్తిగా పోయింది. అయిదు ఉంగరాల కష్టం కొంత దండగేనా అని సహచరుడు అడిగాడు. నేను మాట మార్చాను.

అసలు పరీక్షలకు 12 మందిని, జంటలుగా పిలిచాం. కంపనం ఒక్కటే పరీక్షించే విడతలో హెడ్‌ఫోన్లు పెట్టి హోరు వినిపించాం. లేకపోతే మోటారు సన్నటి చప్పుడునే విని స్పర్శ అనుకునే ప్రమాదం ఉంది. ప్రతి విడత తర్వాత నాసా టీఎల్‌ఎక్స్ ప్రశ్నావళి ఇచ్చాం. మానసిక శ్రమ, శారీరక శ్రమ, తొందర, ఫలితం, ప్రయాస, చిరాకు అని ఆరు కొలమానాలు. విమాన చోదకుల పనిభారం కొలిచిన రోజుల నుంచీ వాడుకలో ఉన్న ఆ కాగితం మా బిళ్లలకు కాస్త పెద్ద చొక్కాయే. అన్ని స్పందనలూ ఒకేసారి వచ్చే విడతను చాలామంది 'భలే ఉంది' అన్నారు. వీడియోలో మాత్రం ఆ విడతలోనే చేతులు ఎక్కువసార్లు ఆగాయి. నోటి మాట ఒకటి, చేతి మాట ఒకటి. నేను చేతినే నమ్మాను, నివేదికలో రెండూ రాశాను.

ఒకాయన వెలుగు విడత మధ్యలో బిళ్లను నా వైపు తిప్పి, "ఇది బాగున్నట్టా, బాగా లేనట్టా?" అని అడిగారు. ఎరుపూ ఆకుపచ్చా ఆయనకు ఒకటే. ఇలాంటివారు మగవాళ్లలో అరుదేమీ కాదు. అయినా ఎనిమిది నెలల్లో ఆ ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. ఆ రాత్రే మార్చాం: కుదురుగా ఉన్న కేంద్రం నిలకడగా వెలుగుతుంది, భారం ఎక్కువైనది ఊపిరి తీసినట్టు పెరుగుతూ తగ్గుతూ వెలుగుతుంది. రంగులు అలాగే ఉంచాం, చూడగలిగినవారి కోసం.

చివరి జంటలో ఒక పెద్దావిడ ఉన్నారు. చెయ్యి బిళ్ల మీద పెట్టి, కళ్లు ఎదుటి మనిషి ముఖం మీద పెట్టి, అంతసేపూ మాట్లాడుతూనే కేంద్రాలు జరిపారు. బిళ్ల గట్టుకు చేరేది, వేళ్లు వెనక్కి వచ్చేవి, మరో దారి వెతికేవి. ఆవిడ చూపు ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. పని అయ్యాక ప్రశ్నావళిలో కంపనం ఊసే లేదు. ఉండబట్టలేక, "కంపనం ఎలా అనిపించిందమ్మా?" అని అడిగాను.

"కంపించిందా?" అన్నారు ఆవిడ.

కంప్యూటర్ నమోదు చేసుకున్న లాగ్ తెరిచి చూపించాను. ఆవిడ చేతిలో బిళ్ల 14 సార్లు కంపించింది. ఆవిడ నమ్మలేదు. బల్ల దగ్గరకు తిరిగి వచ్చి, బిళ్లను చేతిలోకి తీసుకుని, ఈసారి దాన్నే చూస్తూ మెల్లగా నదిలోకి తోశారు.